భుజంలో రొటేటర్ కఫ్ దెబ్బతింటే: మొదటి వారం నుంచి మళ్లీ పనిలోకి దిగేదాకా

దండెం మీద బట్టలు ఆరేయడానికి చెయ్యెత్తితే జబ్బలో కలుక్కుమంటుంది. రాత్రి ఆ వైపు ఒత్తిగిలితే మెలకువ వచ్చేస్తుంది. చొక్కా తొడుక్కోవాలన్నా, జడ వేసుకోవాలన్నా, బస్సులో పైకడ్డీ పట్టుకోవాలన్నా ఇబ్బందే. అనంతపురంలో మా దగ్గరికి భుజం నొప్పితో వచ్చేవాళ్లలో చాలామంది చెప్పేది ఇదే. బేల్దారి పనివాళ్లు, మందు కొట్టే ట్యాంకు వీపున మోసే రైతులు, ధర్మవరం మగ్గాల మీద కూర్చునే నేతగాళ్లు, తాడిపత్రి, బేతంచెర్లల్లో బండల పని చేసేవాళ్లు, ఆదోని మార్కెట్లో పత్తి మూటలెత్తే హమాలీలు, బండ మీద బట్టలుతికే ఆడవాళ్లు. చేతిని భుజం కంటే పైకెత్తి పదేపదే పనిచేసేవాళ్లకూ, బరువులు మోసేవాళ్లకూ, నలభై దాటినవాళ్లకూ ఇది ఎక్కువ.

భుజం కీలును పట్టి ఉంచే కండరాల చివర్లకు, అంటే రొటేటర్ కఫ్‌కు తగిలే ఈ దెబ్బకు అసలు మందు వ్యాయామమే, అది కూడా కొలత ప్రకారం మెల్లగా పెంచుకుంటూ పోయేది. చెయ్యి కదపకుండా పెట్టుకుంటే భుజం బిగుసుకుపోతుంది. ఓర్చుకుని లాగితే నొప్పి ముదురుతుంది. ఈ రెంటి మధ్య ఎంత చేయాలో తెలుసుకోవడానికే ఇదంతా రాస్తున్నాను.

లోపల ఏం జరుగుతుంది

భుజం గిన్నె చాలా లోతు తక్కువది. దాని మీద చేతి ఎముక తల సాసరులో పెట్టిన నిమ్మకాయలా ఉంటుంది. అది జారకుండా నాలుగు కండరాలు చుట్టూ పట్టి ఉంచుతాయి: సుప్రాస్పైనేటస్, ఇన్‌ఫ్రాస్పైనేటస్, టెరీస్ మైనర్, సబ్‌స్కాపులారిస్. వీటి చివర్లు గట్టి పీచులా మారి ఎముకకు అతుక్కుంటాయి. ఆ పీచునే టెండన్ అంటారు. నాలుగు టెండన్లు కలిసి ఎముక తలను కప్పి ఉండే భాగమే రొటేటర్ కఫ్. అన్నిటికంటే పైన ఉండే సుప్రాస్పైనేటస్ టెండన్‌కే ఎక్కువసార్లు దెబ్బ తగులుతుంది.

దెబ్బ అంటే తెగిపోవడమే కానక్కర్లేదు. చాలామందిలో టెండన్ మోయగలిగిన దానికంటే ఎక్కువ పని పడి నొప్పి పుడుతుంది. కొందరిలో కొంత మేర చిరుగుతుంది, కొందరిలో ఆసాంతం చిరుగుతుంది. వయసుతో పాటు టెండన్ నాణ్యత తగ్గుతుంది. షుగరు, పొగతాగడం ఉంటే కోలుకోవడం ఇంకా నెమ్మదిస్తుంది. అందుకే భుజం నొప్పితో వచ్చినవాళ్లను షుగరు పరీక్ష ఎప్పుడు చేయించుకున్నారని ముందే అడుగుతాను. ఎప్పుడూ చేయించుకోలేదంటే అది చేయించమనడమే నా మొదటి సలహా.

మొదటి మెట్టు: ఆగి చూడాల్సినవి

ఎడమ భుజం నొప్పితో పాటు ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం ఉంటే అది గుండె సమస్య కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి. కీలు ఎర్రబడి, వేడిగా ఉండి, జ్వరం వస్తుంటే ఆ రోజే డాక్టరుకు చూపించాలి. పడిన తర్వాత భుజం ఆకారం మారినా, చెయ్యి తిమ్మిరెక్కినా అంతే. కారణం లేకుండా బరువు తగ్గుతున్నవాళ్లూ, ఇంతకుముందు క్యాన్సరు వచ్చినవాళ్లూ కొత్తగా వచ్చిన భుజం నొప్పిని తేలిగ్గా తీసుకోకూడదు.

ఇంకొకటి మరీ ముఖ్యం. బండి మీద నుంచి పడ్డారు, లేదా జారుతున్న బరువును చటుక్కున పట్టుకున్నారు. అంతవరకూ బాగున్న చెయ్యి ఆ క్షణం నుంచి పైకి లేవడం లేదు. అలా జరిగితే టెండన్ పూర్తిగా తెగి ఉండవచ్చు. ఇక్కడ మాత్రం వ్యాయామం చేస్తూ నెలలు గడపకూడదు. రెండు మూడు వారాల్లోపే ఎముకల డాక్టరుకు చూపించుకోవాలి. ఆలస్యమైతే తెగిన టెండన్ వెనక్కి పోతుంది, కండరం కొవ్వు పట్టి పాడవుతుంది, కుట్టడం కష్టమవుతుంది.

మన వైపు పడి దెబ్బ తగిలితే పుత్తూరు కట్టు కట్టించుకోవడం చాలా ఇళ్లలో అలవాటు. ఎముక విరిగిందో లేదో ఎక్స్‌రే తీయించుకోకుండా ఏ కట్టూ కట్టించుకోవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. ఎముక బాగానే ఉండి టెండన్‌కు దెబ్బ తగిలినప్పుడు, వారాల తరబడి భుజాన్ని కదలకుండా కట్టి ఉంచితే కీలు బిగుసుకుపోతుంది. అప్పుడు ఉన్న నొప్పికి ఇంకో సమస్య తోడవుతుంది.

రెండో మెట్టు: ఇది రొటేటర్ కఫేనా?

భుజం నొప్పులన్నీ ఒకటి కావు. ఇంట్లోనే కొంత పసిగట్టవచ్చు.

చెయ్యిని పక్కకు మెల్లగా ఎత్తండి. దాదాపు 60 డిగ్రీల నుంచి 120 డిగ్రీల మధ్యలో నొప్పి పుట్టి, ఆపైన తగ్గితే రొటేటర్ కఫ్ నొప్పి అనుకోవచ్చు. ఈ నొప్పి సాధారణంగా జబ్బ బయటి వైపు ఉంటుంది, మోచేతి కిందికి పెద్దగా దిగదు.

ఇప్పుడు ఇంట్లో ఇంకొకరిని మీ చెయ్యి ఎత్తమనండి. మీరు వదులుగా ఉండండి. వాళ్లు ఎత్తితే పూర్తిగా లేచి, మీరు ఎత్తితే లేవకపోతే కఫ్ బలహీనపడిందని, బహుశా చిరిగిందని అర్థం. వాళ్లు ఎత్తినా సగంలోనే ఆగిపోతే, మోచేతిని వంచి పక్కటెముకలకు ఆనించి ముంజేతిని బయటికి తిప్పినా తిరగకపోతే అది ఫ్రోజెన్ షోల్డర్ (కీలు బిగుసుకుపోయే జబ్బు) కావచ్చు. షుగరు ఉన్నవాళ్లలో అది ఎక్కువ. దాని చికిత్స వేరు, పట్టే కాలమూ ఎక్కువే. కింద చెప్పే బలం పెంచే వ్యాయామాలు అందులో ముందే మొదలుపెడితే నొప్పి పెరుగుతుంది.

నొప్పి మోచేయి దాటి వేళ్ల దాకా పాకినా, తిమ్మిర్లు ఉన్నా, మెడ తిప్పినప్పుడు మారుతున్నా మెడ ఎముకల దగ్గర నరం ఒత్తుకుంటుందేమో చూడాలి.

ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళితే ఇవన్నీ చేత్తో పరీక్షించి చూస్తారు. ఫిజియోథెరపీ డిగ్రీలైన బీపీటీ, ఎంపీటీ చదివినవారా అని అడగడానికి మొహమాటపడకండి. మొదటి రోజే చెయ్యి పట్టుకుని పరీక్షించకుండా నేరుగా మిషన్ దగ్గర పడుకోబెడితే ఇంకో చోటు చూసుకోండి.

స్కానింగ్ గురించి. ముందే ఎంఆర్‌ఐ తీయించుకుని వచ్చి, రిపోర్టులో చిరుగు అని చూసి టెన్షన్ పడేవాళ్లు చాలామంది. అరవై దాటినవాళ్లలో ఏ నొప్పీ లేని భుజంలోనూ చిరుగులు కనిపించడం మామూలే. రిపోర్టులో ఉన్నదే నొప్పికి కారణమని చెప్పలేం. పడి దెబ్బ తగిలి చెయ్యి లేవనివాళ్లకూ, కొన్ని వారాలు సరిగ్గా వ్యాయామం చేసినా ఫలితం లేనివాళ్లకూ, ఆపరేషన్ ఆలోచన ఉన్నవాళ్లకూ స్కాన్ పనికొస్తుంది. అల్ట్రాసౌండ్ స్కాన్‌లోనూ పూర్తి చిరుగు బాగానే తెలుస్తుంది, ఖర్చు ఎంఆర్‌ఐ కంటే తక్కువ.

మూడో మెట్టు: మొదటి రెండు వారాలు

ఈ దశలో చేయాల్సింది నొప్పిని శాంతింపజేయడం, నిద్ర పట్టేలా చూసుకోవడం, కీలు బిగుసుకోకుండా కాపాడుకోవడం.

నిద్రతో మొదలుపెడతాను, ఎందుకంటే నిద్ర లేకపోతే మిగతాదేదీ నడవదు. నొప్పి ఉన్న వైపు పడుకోవద్దు. చెయ్యి తల కింద పెట్టుకోవద్దు. వెల్లకిలా పడుకుంటే మోచేతి కింద మడిచిన దుప్పటి పెట్టండి, అప్పుడు చెయ్యి వెనక్కి జారదు. బాగున్న వైపు ఒత్తిగిలితే ఛాతీకి దిండు హత్తుకుని నొప్పి చెయ్యిని దాని మీద ఆనించండి. తలవైపు కాస్త ఎత్తుగా పెట్టుకుంటే ఇంకొందరికి హాయిగా ఉంటుంది.

భుజం ఎత్తు దాటే పనులను కొన్నాళ్లు పక్కన పెట్టండి. మిగతా పనులు ఆపనక్కర్లేదు. దండెం కిందికి కట్టించుకోండి. అటక మీది డబ్బాలు కింది అరలోకి దించండి. బిందె, బకెట్ చేతులు చాచి మోయకుండా ఒంటికి దగ్గరగా పట్టుకోండి. బస్సులో బాగున్న చేత్తో కడ్డీ పట్టుకోండి.

ఐసు పెట్టాలా, కాపడం పెట్టాలా అని అడుగుతారు. కొత్త దెబ్బకు మొదటి రెండు మూడు రోజులు ఐసు, గుడ్డలో చుట్టి 10–15 నిమిషాలు. పాత నొప్పికి ఏది హాయిగా ఉంటే అది. రెండూ నొప్పి తగ్గించడానికే, టెండన్‌ను బాగుచేసేవి కావు.

మందుల షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలతో జాగ్రత్త. మన ఎండల్లో పొలంలో పనిచేసి, నీళ్లు తక్కువ తాగి, రోజూ ఆ మాత్రలు మింగితే కిడ్నీల మీద భారం పడుతుంది. బీపీ, అల్సరు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా వేసుకోనే కూడదు.

ఇక కదలికలు. బల్ల మీద బాగున్న చెయ్యి ఆనించి నడుము దగ్గర ముందుకు వంగండి. నొప్పి చెయ్యి వదులుగా వేలాడనివ్వండి. నడుమును ముందుకూ వెనక్కీ ఊపితే చెయ్యి తనంతట తానే ఊగుతుంది. చేతి కండరంతో ఊపకూడదు. ఒకటి రెండు నిమిషాలు, రోజుకు మూడు నాలుగుసార్లు. అమెరికా సర్జన్ ఎర్నెస్ట్ కాడ్‌మన్ పేరుతో దీన్ని ఇప్పటికీ పిలుస్తారు.

తర్వాత బల్ల ముందు కూర్చుని అరచేతి కింద గుడ్డ పెట్టి, ఒంటిని ముందుకు వంచుతూ చెయ్యిని జరపండి. 10–15 సార్లు.

మూడోది, కదలకుండా నొక్కడం. గడప దగ్గర నిలబడి మోచేతిని 90 డిగ్రీలు వంచి, మోచేతికీ పక్కటెముకలకూ మధ్య మడిచిన టవల్ పెట్టుకోండి. చేతి వెనక భాగంతో ద్వారబంధాన్ని బయటికి నొక్కండి. చెయ్యి కదలకూడదు. మీ బలంలో మూడో వంతు చాలు. 10 సెకన్లు పట్టి వదలండి, 10 సార్లు. తర్వాత అరచేతితో లోపలికి, పిడికిలితో ముందుకు, మోచేతితో వెనక్కి. నొప్పి ఉన్నప్పుడు ఇది చాలామందికి ఉపశమనంగానూ ఉంటుంది.

నొప్పిని కొలిచే పద్ధతి

ఈ మొత్తంలో ఒక్కటే గుర్తుంటుందంటే ఇది గుర్తుంచుకోండి. సున్నా అంటే నొప్పి లేదు, పది అంటే భరించలేనిది. వ్యాయామం చేసేటప్పుడు మూడు, మహా అయితే నాలుగు దాకా నొప్పి ఉంటే భయం లేదు. అసలు పరీక్ష మర్నాడు పొద్దున. లేచేసరికి నొప్పి నిన్నటి స్థాయికే వచ్చి ఉంటే నిన్న చేసింది సరైన మోతాదు. రాత్రి నిద్ర చెడినా, పొద్దున నొప్పి పెరిగినా నిన్నటిది ఎక్కువైంది. అప్పుడు మానేయకుండా సగానికి తగ్గించండి. రెండు మూడు రోజులు వరసగా పొద్దున బాగుంటే కాస్త పెంచండి. క్యాలెండర్‌లో తేదీ పక్కన ఆ అంకె రాసుకుంటే చాలు, వేరే రిపోర్టు అక్కర్లేదు.

నాలుగో మెట్టు: మూడో వారం నుంచి ఆరో వారం దాకా

ఇప్పుడు చెయ్యి తనంతట తాను లేవడం నేర్చుకోవాలి. వెల్లకిలా పడుకుని చీపురు కర్రో, పీవీసీ పైపో రెండు చేతులా పట్టుకోండి. బాగున్న చెయ్యి సాయంతో రెండు చేతులూ తల వైపు తీసుకెళ్లండి. అలాగే మోచేతులు ఒంటికి ఆనించి కర్రతో నొప్పి చెయ్యిని బయటికి తోయండి.

గోడ ముందు నిలబడి వేళ్లతో పైకి పాకించండి. రోజూ అందిన చోట సుద్దతో గీత గీయండి. గీత పైకి జరుగుతుంటే మనిషికి నమ్మకం వస్తుంది, నేను దీన్ని ఎవరికీ మానిపించను. ఇంట్లో తలుపు పైన గిలక, తాడు కట్టుకోగలిగితే ఇంకా మేలు.

రెక్క ఎముక (భుజం వెనక, వీపు పైభాగంలో ఉండే పలక లాంటి ఎముక) పని కూడా మొదలుపెట్టాలి. నిటారుగా కూర్చుని రెండు రెక్క ఎముకలూ వెనక్కి, కాస్త కిందికి లాగి 5 సెకన్లు పట్టండి, 10–15 సార్లు. గోడకు అరచేతులు ఆనించి గోడ మీదే దండాలు తీయండి. చివర్లో వీపు కాస్త గుండ్రంగా అయ్యేలా ఇంకొంచెం తోయండి.

చెయ్యి ఎత్తేటప్పుడు అద్దంలో చూసుకోండి. భుజం చెవి వైపు లేచిపోతుంటే కఫ్ చేయాల్సిన పని మెడ కండరాలు చేస్తున్నాయన్నమాట. ఎత్తు తగ్గించి, సరిగ్గా లేచినంత వరకే ఎత్తండి.

ఐదో మెట్టు: ఆరో వారం నుంచి పన్నెండో వారం దాకా

ఎక్కువమంది నాలుగైదు వారాలకే నొప్పి తగ్గిందని వ్యాయామం వదిలేసి, నెలా రెండు నెలల్లో మళ్లీ నొప్పితో వస్తారు. నొప్పి తగ్గడం వేరు, టెండన్ బరువు మోసే శక్తి తెచ్చుకోవడం వేరు. రెండోదానికి కనీసం 12 వారాలు పడుతుంది. అందుకే ఈ దశ మీద నాకు పట్టుదల ఎక్కువ.

రబ్బరు బ్యాండు ఉంటే మంచిది. థెరాబ్యాండుల్లో పసుపు తేలిక, తర్వాత ఎరుపు, ఆకుపచ్చ, నీలం. దొరకకపోతే సైకిల్ ట్యూబును పొడవుగా కోసి కిటికీ ఊచకు కట్టుకోండి. బరువుకు నీళ్ల సీసా చాలు: అర లీటరు సీసా అంటే అర కిలో.

మొదటిది, బాగున్న వైపు ఒత్తిగిలి పడుకుని చేసేది. పై చెయ్యి మోచేతి కింద మడిచిన టవల్, మోచెయ్యి 90 డిగ్రీలు. ముంజేతిని పొట్ట మీద నుంచి పైకి, నేలకు సమాంతరంగా వచ్చేదాకా ఎత్తండి. దించేటప్పుడు మూడు నాలుగు సెకన్లు తీసుకోండి. టెండన్‌కు ఆ నెమ్మదిగా దించడమే మంచి పని పెడుతుంది. మొదట ఖాళీ చేత్తో, తర్వాత అర లీటరుతో.

బ్యాండుతో నిలబడి, మోచెయ్యి ఒంటికి ఆనించి చేతిని బయటికి లాగడం, ఇటు నుంచి అటు తిరిగి నిలబడి లోపలికి లాగడం. రెండు చేతులతో బ్యాండును వెనక్కి లాగి రెక్క ఎముకలు దగ్గరికి తేవడం. ఆ తర్వాత చెయ్యిని పూర్తిగా పక్కకు కాకుండా 30 డిగ్రీలు ముందుకు ఉంచి, బొటనవేలు పైకి పెట్టి భుజం ఎత్తు దాకా ఎత్తడం.

ఒక్కోటి 10–15 సార్లు, మూడు విడతలు, రోజు విడిచి రోజు. విరామం రోజున గోడ పాకడం, ఊగించడం చేసుకోవచ్చు. మూడు విడతలూ పదిహేనేసి తేలిగ్గా వస్తూ, మర్నాడు పొద్దున నొప్పి పెరగకపోతే అప్పుడు సీసా పెద్దది చేయండి, లేదా బ్యాండు రంగు మార్చండి. ఒకేసారి రెండూ పెంచొద్దు. వీపు వెనక టవల్ పట్టుకుని పైకి లాగే సాగదీతను చాలామంది ముందే మొదలుపెడతారు. అది నొప్పి ఉన్న టెండన్‌ను ఎముకకు ఒత్తేస్తుంది, కాబట్టి చివరికి వదిలేయండి.

ఇవన్నీ చేయడానికి రోజూ టౌనుకు రావాలా? కళ్యాణదుర్గం, రాయదుర్గం, ఉరవకొండల నుంచి బస్సెక్కి కూలి పోగొట్టుకుని రోజూ వచ్చేవాళ్లను చూస్తుంటే బాధేస్తుంది. బ్రిటన్‌లో 708 మంది మీద జరిపి 2021లో ప్రచురించిన గ్రాస్ప్ పరిశోధనలో, ఫిజియో దగ్గర పలుమార్లు వ్యాయామం చేసినవాళ్లూ, ఒక్కసారి వివరంగా నేర్చుకుని ఇంట్లో చేసుకున్నవాళ్లూ ఏడాదికి దాదాపు ఒకేలా బాగుపడ్డారు. పద్ధతి నేర్చుకోవడానికి ఒకసారి, పెంచే దశల్లో మరికొన్నిసార్లు వస్తే చాలామందికి సరిపోతుంది. ‘కరెంటు పెట్టించుకోవడానికి’ పది రోజులు తిరగడం కంటే ఇదే మేలు. ఆ కరెంటు, అల్ట్రాసౌండ్ మిషన్లు కాసేపు ఉపశమనం ఇస్తాయేమో గాని టెండన్‌కు బలం తేలేవు.

ఇంజెక్షన్, ఆపరేషన్

రాత్రిళ్లు నిద్రే పట్టనంత నొప్పి ఉంటే ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాల ఊరటనిస్తుంది. ఆ ఊరటను వ్యాయామం మొదలుపెట్టడానికి వాడుకోవాలి. ఏడాది తర్వాత చూస్తే వేయించుకున్నవాళ్లకూ వేయించుకోనివాళ్లకూ తేడా కనబడలేదని పైన చెప్పిన పరిశోధనే చూపింది. పదేపదే వేయిస్తే టెండన్ బలహీనపడుతుంది. షుగరు ఉన్నవాళ్లకు ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులు షుగరు పెరుగుతుంది, డాక్టరుకు ముందే చెప్పి కొలుచుకుంటూ ఉండాలి.

దెబ్బ తగలకుండా మెల్లగా వచ్చిన పూర్తి చిరుగులున్నవాళ్లను అమెరికాలో రెండేళ్లు గమనించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, వ్యాయామంతో దాదాపు నాలుగింట మూడొంతుల మందికి ఆపరేషన్ అవసరం పడలేదు. పడి ఒక్కసారిగా తెగినవాళ్లకు, మూడు నెలలు నిజంగా చేసినా పని చేసుకోలేనివాళ్లకు ఆపరేషన్ ఆలోచించాలి. మన జిల్లాల్లో కర్నూలు, అనంతపురం సర్వజన ఆసుపత్రుల్లో, కడప రిమ్స్‌లో ఎముకల విభాగాలు ఉన్నాయి. ఎన్టీఆర్ వైద్యసేవ (ఇదివరకటి ఆరోగ్యశ్రీ) మీ చికిత్సకు వర్తిస్తుందో లేదో ఆసుపత్రిలో ముందే అడగండి.

కుట్టిన తర్వాత లెక్క వేరు. దాదాపు నాలుగు నుంచి ఆరు వారాలు స్లింగ్ (చేతిని మెడకు వేలాడదీసే పట్టీ). వేళ్లు, మణికట్టు, మోచెయ్యి మాత్రం మొదటి రోజు నుంచే కదపాలి. సొంతంగా చెయ్యెత్తడం ఆరు వారాల తర్వాత, బలం పెంచేవి పన్నెండు వారాల తర్వాత, బరువు పని ఆరు నెలల దాకా కుదరదు. చిరుగు పెద్దదైతే సర్జన్ ఇంకా ఆపుతారు. నొప్పి లేదు కదా అని నాలుగో వారంలో బిందె ఎత్తితే కుట్టు ఊడవచ్చు. పై మెట్లన్నీ ఆపరేషన్ లేనివాళ్లవే, వీళ్లు వాటిని సర్జన్ ఒప్పుకున్నాకే మొదలుపెట్టాలి.

పనిలోకి తిరిగి వెళ్లడం

చెయ్యి నొప్పి లేకుండా పూర్తిగా లేవాలి, రెండు చేతుల బలం దాదాపు సమానంగా ఉండాలి, రాత్రి నిద్ర చెడకూడదు. అప్పుడు మొదలుపెట్టండి. మొదటి వారం మామూలు పనిలో సగం.

బేల్దారి మేస్త్రీలు పైకప్పు పూత వెంటనే పెట్టుకోవద్దు. ముందు ఛాతీ ఎత్తు గోడ పని, ఆ తర్వాత నిచ్చెనో పలకో వేసుకుని పని ఎత్తును కళ్ల ముందుకు తెచ్చుకోవాలి. హమాలీలు మూటను ఇద్దరు కలిసి ఎత్తించుకుని, ఒకే భుజం మీద కాకుండా మార్చి మార్చి మోయాలి. క్రికెట్ ఆడే పిల్లలు ముందు తక్కువ దూరం నుంచి, తక్కువ బంతులతో, రోజు విడిచి రోజు విసరాలి. పూర్తి వేగం అన్నిటికంటే చివర్లో.

పొలంలో మందు కొట్టేవాళ్లకు 16 లీటర్ల ట్యాంకు నిండుగా ఉంటే నీళ్లే 16 కిలోలు. మొదట సగమే నింపండి. అరుగు మీద పెట్టి, రెండు పట్టీలూ ఒకేసారి తగిలించుకుని లేవండి, ఒక చేత్తో వీపు మీదికి విసురుకోవద్దు. చేత్తో కొట్టే పంపు అయితే నొప్పి లేని చేతి వైపు మీట ఉండేలా చూసుకోండి, బ్యాటరీ పంపు దొరికితే ఇంకా మంచిది. మర్నాడు పొద్దున భుజం నిన్నటిలాగే ఉంటే రెండో వారంలో ముప్పావు ట్యాంకు, మూడో వారంలో నిండు ట్యాంకు. బ్యాండు వ్యాయామాలు మాత్రం సీజన్ మొత్తం వారానికి రెండుసార్లు సాగాలి.